కొవ్వు గాదెకు కాపలాదారులు

జంషెడ్‌పూర్‌లో అగ్రికో అనే పేట ఉంది. పారల మీద, గునపాల మీద 'టాటా అగ్రికో' ముద్ర చూసిన పల్లెటూరి పాఠకులకు ఈ పేరు కొత్తగా అనిపించదు. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితమే వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఓ కార్మికుణ్ణి ఊహించుకోండి. అతనిది ఉదయం 6 గంటల షిఫ్టు. రాత్రి 8 గంటలకు అన్నం తిని పడుకున్నాడు. తెల్లవారుజామున 5 గంటలకు లేచి, ఓ గ్లాసు టీ తాగి సైకిలెక్కాడు. టిఫిన్ డబ్బా మూత తీసేది 9 గంటలకే. అంటే దాదాపు 13 గంటలపాటు అతని కడుపులోకి చెప్పుకోదగ్గ ఆహారమేదీ పోలేదు. అయినా రాత్రంతా గుండె కొట్టుకుంది, కాళ్ళు సైకిలు తొక్కాయి, చేతులు బరువులెత్తాయి. ఇంత పనికి ఇంధనం ఎక్కణ్ణుంచి వచ్చింది?

'ఒంట్లో ఉన్న కొవ్వు నుంచి' అని మీలో చాలామంది వెంటనే చెబుతారు. నిజమే. కాలేయంలో దాచిన గ్లైకోజెన్ కొంత ఖర్చవుతుంది, మిగిలిన దానిలో ఎక్కువ భాగం కొవ్వుదే. కాని ఈ జవాబు 'బియ్యం గాదెలోంచి వచ్చాయి' అన్నట్టే ఉంటుంది. గాదె తలుపు తీసిందెవరు? రాత్రి భోజనం అయిన వెంటనే తీయకుండా, తెల్లవారుజామునే ఎందుకు తీశారు? ఉన్నదంతా ఒక్కసారే పారబోయకుండా కొలిచి ఇచ్చిందెవరు? ఈ పనులన్నీ చేసేవి కొన్ని ప్రొటీన్లు. పాఠ్యపుస్తకాల్లో మనం వీటినే మాంసకృత్తులని చదువుకుంటాం. ప్రొటీన్లంటే కండలు పెంచేవి, కొవ్వంటే పొట్ట పెంచేది అని రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టి ఆలోచించడం మనకు అలవాటు. కాని ప్రొటీన్లే లేకపోతే శరీరంలో కొవ్వు నిలవ ఉండటం గాని, అవసరానికి బయటికి రావడం గాని సాధ్యం కాదు.

దాచడానికి కొవ్వే ఎందుకు?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. గ్రాము కొవ్వు మండితే సుమారు 9 కిలోకేలరీల శక్తి వస్తుంది. గ్రాము పిండిపదార్థం నుంచి వచ్చేది 4 మాత్రమే. పైగా జంతుశరీరంలో పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచాలంటే, ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల నీటిని కూడా మోయాలి. కొవ్వుకు ఆ బాధ లేదు. నీటితో దానికి పొసగదు.

60 కిలోల బరువున్న మనిషి ఒంట్లో 10 కిలోల కొవ్వు ఉందనుకుందాం. అది 90,000 కిలోకేలరీల నిలవ. రోజుకు 2,000 చొప్పున ఖర్చు పెట్టినా 45 రోజులకు సరిపోతుంది. ఇంత శక్తినీ గ్లైకోజెన్‌గా దాచాలంటే గ్లైకోజెన్ 22.5 కిలోలు, దానితో వచ్చే నీరు 67.5 కిలోలు, వెరసి 90 కిలోలు కావాలి. అప్పుడా మనిషి బరువు 140 కిలోలవుతుంది! సైకిలు తొక్కడం మాట దేవుడెరుగు, మంచం దిగడమే గగనమైపోతుంది. నిజానికి మన శరీరంలో ఉండే గ్లైకోజెన్ మొత్తం అరకిలోకు అటూఇటూగా ఉంటుంది. అది ఒక్కరోజు ఖర్చుకు కూడా చాలదు.

ఉంగరం లాంటి కణం

కాలేజీ ప్రయోగశాలలో కొవ్వు కణజాలం స్లైడును చూసినవారికి అది ఖాళీ గదుల తేనెపట్టులా కనిపించి ఉంటుంది. ఆ గదులు నిజంగా ఖాళీవి కావు. స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్ ద్రవాలు కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. మనకు మిగిలేది గోడ మాత్రమే. బతికున్న కణంలో ఆ చోటంతా ఒకే ఒక పెద్ద కొవ్వు చుక్క ఆక్రమించి ఉంటుంది. కణం ఘనపరిమాణంలో నూటికి 90 పాళ్ళకు పైగా అదే. కేంద్రకం, మిగిలిన కణద్రవ్యం అంచుకు నెట్టబడి, రాయి పొదిగిన ఉంగరంలాగా కనిపిస్తాయి. చాలాకాలంపాటు కొవ్వు కణాన్ని నూనె నింపిన సంచీగానే లెక్కగట్టడానికి ఈ రూపం కూడా ఒక కారణమేమో.

ఆ సంచీ ఎంత చురుకైనదో చెప్పే ఒక విచిత్రమైన పరిశోధన 2008లో వెలువడింది. 1950ల నుంచి 1963 వరకు అగ్రరాజ్యాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దానివల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, పరీక్షలు ఆగాక క్రమంగా తగ్గుతూ వచ్చింది. గాలిలోని కార్బన్ మొక్కల్లోకి, మొక్కల నుంచి మనలోకి వస్తుంది. కణం పుట్టినప్పుడు దాని డి.ఎన్.ఏ.లో చేరిన కార్బన్ ఇక మారదు. కాబట్టి డి.ఎన్.ఏ.లోని కార్బన్-14 పాలు చూస్తే ఆ కణం ఏ ఏడు పుట్టిందో చెప్పవచ్చు. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో కర్‌స్టీ స్పాల్డింగ్, ఆమె సహచరులు ఈ పద్ధతిలో కొవ్వు కణాల వయసు లెక్కగట్టారు. పెద్దవాళ్ళలో కొవ్వు కణాల సంఖ్య ఇంచుమించు స్థిరంగా ఉంటుందని, అయినా ఏటా వాటిలో సుమారు పదోవంతు చనిపోయి, అన్నే కొత్తవి పుడుతుంటాయని తేలింది. మారణాయుధపు బూడిద ఇలా మనకు ఒక గడియారంగా పనికొచ్చింది.

మంచం విప్పి లోపలికి చేర్చడం

ఇక గాదె నింపే పని చూద్దాం. మనం తిన్న నూనె, నెయ్యి ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లు. ఒక గ్లిజరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటే అది ట్రైగ్లిజరైడ్. పేగు గోడలోని కణాలు వీటిని చిన్నచిన్న మూటలుగా కట్టి రక్తంలోకి పంపిస్తాయి. బాగా నెయ్యి పోసుకుని భోంచేసిన మనిషి రక్తంలోని ద్రవభాగం కొన్ని గంటలపాటు పాలలా తెల్లగా మసకబారి ఉండటానికి కారణం ఈ మూటలే. 1943లో పాల్ హాన్ అనే శాస్త్రవేత్త కుక్కల్లో ఒక వింత గమనించాడు. ఇలా మసకబారిన రక్తమున్న కుక్కకు హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తే ఆ మసక కాస్తా మాయమైపోయింది. హెపారిన్ రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. దానికి కొవ్వుతో ఏం సంబంధం? రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఒక ఎంజైము ఉంటుందని, హెపారిన్ దానిని గోడ నుంచి ఊడదీసి రక్తంలోకి వదులుతుందని తర్వాత తెలిసింది. అదే లైపోప్రొటీన్ లైపేజ్.

ఈ ఎంజైమును తయారుచేసేది కొవ్వు కణమే. కాని అది పనిచేసేది కణం బయట, పక్కనే ఉన్న కేశనాళిక లోపలి గోడ మీద. అక్కడికి దాన్ని చేరవేసి, గోడకు కట్టి ఉంచడానికి మరో ప్రొటీన్ ఉంది. అక్కడ నిలబడి అది దారినపోయే మూటల్లోని ట్రైగ్లిజరైడ్లను కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. ట్రైగ్లిజరైడ్ అణువు అలాగే కణం పొరను దాటి లోపలికి పోలేదు మరి. పట్టెమంచం గుమ్మంలో పట్టకపోతే ఏం చేస్తాం? కోళ్ళూ పట్టెలూ విడదీసి, లోపలికి చేర్చి, మళ్ళీ బిగిస్తాం. ఇక్కడా అంతే. విడివడిన కొవ్వు ఆమ్లాలు లోపలికి వచ్చాక, వాటిని నీటిమయమైన కణద్రవ్యంలో మోసుకుపోవడానికి హమాలీ ప్రొటీన్లు ఉంటాయి. తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా నాలుగైదు ఎంజైములు వాటిని గ్లిజరాల్ వెన్నెముకకు తిరిగి అతికిస్తాయి. ఆ వెన్నెముకకు కావలసిన ముడిసరుకు ఎక్కువగా గ్లూకోజు నుంచి వస్తుంది. గ్లూకోజును కణంలోకి పిలిచేది ఇన్సులిన్. అన్నం తిన్నప్పుడు కొవ్వు చక్కగా నిలవచేరడంలో రహస్యం కొంత ఇక్కడే ఉంది.

ఇక్కడొక పొదుపు చూడండి. ఇదే లైపోప్రొటీన్ లైపేజ్ కండరాల దగ్గర కూడా ఉంటుంది. భోజనం చేశాక కొవ్వు కణాల దగ్గర దాని జోరు పెరుగుతుంది. ఉపవాసంలో అక్కడ తగ్గి, కండరాల దగ్గర పెరుగుతుంది. ఒకే సరుకుబండి పగలు గోదాము దగ్గర, రాత్రి వంటింటి దగ్గర ఆగినట్టు.

వెన్న చెప్పే పాఠం

బిగించిన మంచాలను ఎక్కడ పెట్టాలి? కణంలో అంతర్జీవ ద్రవ్యజాలం అనే పొరల వల ఉందని మీరు చదివే ఉంటారు. దాని పొరకు రెండు పలకలుంటాయి. కొత్తగా తయారైన ట్రైగ్లిజరైడ్లు ఆ రెండు పలకల మధ్య చేరుతూ, మూకుట్లో వేసిన పూరీలాగా పొరను పొంగిస్తాయి. పొంగు పెరిగి పెరిగి ఒక పక్కకు చుక్కగా ఉబుకుతుంది. ఆ చుక్క మెడ దగ్గర సీపిన్ అనే ప్రొటీన్ కాపలా ఉంటుంది. 2018లో దాని నిర్మాణం బయటపడింది. మనిషిలో 11 సీపిన్ అణువులు చేయీచేయీ కలుపుకుని వలయంగా నిలబడతాయి. కొవ్వు ఎక్కడపడితే అక్కడ చిందరవందరగా పోగుపడకుండా ఒక చోట చుక్కగా చేరేలా చూడటం ఈ వలయం పని. సీపిన్ పేరు గుర్తుంచుకోండి. దానితో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడొకసారి వంటింట్లోకి వెళదాం. పాలలో కొవ్వు ఉంది, నీరూ ఉంది. ఆ రెంటికీ పడదు. అయినా కొవ్వంతా ఒక ముద్దగా కలిసిపోకుండా లక్షలాది సన్నని బిందువులుగా పాలలో ఎలా నిలబడుతోంది? ప్రతి బిందువు చుట్టూ ఒక పల్చని తొడుగు ఉంది. అందులో ఫాస్ఫోలిపిడ్లు, ప్రొటీన్లు ఉంటాయి. మీ అమ్మమ్మగారు కవ్వంతో చిలికేటప్పుడు చేసే పని ఆ తొడుగులను చింపడమే. తొడుగు చిరిగిన బిందువులు ఒకదానికొకటి అంటుకుని వెన్నముద్ద అవుతాయి. చిలకకపోతే వెన్న లేదు. అంటే ఆ తొడుగు అంత గట్టిదన్నమాట.

కొవ్వు కణంలోని చుక్కకూ ఇలాంటి తొడుగే ఉంది. దాని మీద ఉండే ముఖ్యమైన ప్రొటీనును 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కాన్‌స్టంటైన్ లాండోస్ బృందం ప్రకటించింది. వాళ్ళు కొవ్వు చుక్క తొడుగు కోసం వెతకలేదు. హార్మోను తగిలినప్పుడు కొవ్వు కణంలో ఏ ప్రొటీన్లకు ఫాస్ఫేటు ముక్కలు అతుక్కుంటాయో చూస్తున్నారు. అన్నిటికంటే ఎక్కువగా ఫాస్ఫేటు పట్టిన ప్రొటీను తీరా చూస్తే కొవ్వు చుక్క అంచునే కూర్చుని ఉంది. 'చుట్టూ' అనే అర్థమున్న గ్రీకు మాటతో దానికి పెరిలిపిన్ అని పేరు పెట్టారు. దాని బంధువులు మరో నలుగురున్నారని తర్వాత తెలిసింది. పాల బిందువుల తొడుగులో ఉండేది వాటిలో రెండోది. వెన్నకూ పొట్టకూ చుట్టరికం ఇలా కలిసింది!

చిన్న చుక్కలు పెద్దవి కావడానికి కూడా ఒక ప్రొటీను సాయం కావాలి. సబ్బునీటి బుడగలు రెండింటిని ఒక గొట్టంతో కలిపితే చిన్నదానిలోని గాలి పెద్దదానిలోకి పోతుందని మీ భౌతికశాస్త్రం ఉపాధ్యాయులు చెప్పి ఉంటారు. సైడెక్ అనే ప్రొటీను రెండు కొవ్వు చుక్కలు తగిలే చోట చేరి అలాంటి దారినే ఏర్పరుస్తుంది. చిన్న చుక్క పెద్దదానిలోకి ఒదిగిపోతుంది. చివరికి కణంలో మిగిలేది ఒకే చుక్క. మొత్తం కొవ్వు అంతే ఉన్నా, చుక్క ఒకటే అయినప్పుడు దాని ఉపరితలం చాలా తక్కువ. కొరుక్కుతినే ఎంజైములకు దొరికే చోటు కూడా తక్కువే.

గాదె కింద పందికొక్కు

కూర్చుని తినేవాణ్ణి 'గాదె కింద పందికొక్కు' అంటాం. కొవ్వు గాదె కింద నిజంగానే అలాంటి పందికొక్కు ఉంది. కాకపోతే దాన్ని కట్టేసి ఉంచుతారు, సైగ చేసినప్పుడే వదులుతారు. ఎలాగో చూద్దాం.

మన కార్మికుడు సైకిలెక్కే వేళకు అతని రక్తంలో ఇన్సులిన్ బాగా తగ్గిపోయి ఉంది. కొవ్వు కణజాలంలోని నాడీ తంతువుల చివర్ల నుంచి నార్‌అడ్రినలిన్, అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ వచ్చి కణం పైపొర మీది గ్రాహకాలను తాకాయి. అవి లోపలికి రావు. గుమ్మంలోనే నిలబడి కబురు చెబుతాయి. ఆ కబురు అందుకున్న ఒక ఎంజైము ఏ.టి.పి. అణువును మెలితిప్పి 'చక్రీయ ఏ.ఎం.పి.' అనే చిన్న అణువుగా మారుస్తుంది. ఈ సందేశాణువును కనుగొని, హార్మోన్ల పనితీరు వివరించినందుకే ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మనవాడొకాయనను తలచుకోకుండా ముందుకు పోలేం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ కండరాల్లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. 1929లో ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఏ.టి.పి. అంటే శరీరపు నాణెం అని చెప్పి వదిలేస్తాం గాని, కొవ్వు గాదె తాళంచెవి తయారయ్యేది కూడా దానితోనే. ఒక్క చక్రీయ ఏ.ఎం.పి. మాత్రమే కాదు, ఆ తర్వాతి మెట్టులో కావలసిన ఫాస్ఫేటు కూడా ఏ.టి.పి. ఇచ్చేదే.

ఆ మెట్టు ఇది. చక్రీయ ఏ.ఎం.పి. ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది. అది ఏ.టి.పి. నుంచి ఫాస్ఫేటు తెంపి పెరిలిపిన్‌కు అతికిస్తుంది. మామూలు వేళల్లో పెరిలిపిన్ తన చేతిలో సి.జి.ఐ.-58 అనే చిన్న ప్రొటీనును గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఫాస్ఫేటు తగలగానే ఆ పట్టు సడలుతుంది. విడుదలైన సి.జి.ఐ.-58 వెళ్ళి పందికొక్కును లేపుతుంది. ఆ పందికొక్కు పేరు ఎ.టి.జి.ఎల్. ఇది ట్రైగ్లిజరైడ్ నుంచి మొదటి కొవ్వు ఆమ్లాన్ని కొరుకుతుంది. రెండోదాన్ని హెచ్.ఎస్.ఎల్. అనే ఎంజైము, మూడోదాన్ని మరో ఎంజైము తీసేస్తాయి. చివరికి గ్లిజరాల్ మిగులుతుంది.

ఇంత తేలిగ్గా చెప్పేశాను గాని, ఈ క్రమం తెలియడానికి చాలాకాలం పట్టింది. హెచ్.ఎస్.ఎల్. 1960ల నుంచీ తెలుసు. కొవ్వును విడగొట్టే పనికి అదే పెద్దదిక్కని దాదాపు 40 ఏళ్ళపాటు పుస్తకాలన్నీ రాశాయి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైము లేని ఎలుకలను సృష్టించారు. పుస్తకం నిజమైతే అవి కొవ్వు ఖర్చు చేయలేక గుమ్మడికాయల్లా ఊరిపోవాలి. అలా జరగలేదు! వాటి కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు వస్తూనే ఉన్నాయి. మరో రెండేళ్ళకు ఇంకో ఆచూకీ దొరికింది. ఆ ఎలుకల్లో పోగుపడుతున్నది ట్రైగ్లిజరైడ్ కాదు, ఒక కొవ్వు ఆమ్లం ఊడిపోయిన డైగ్లిజరైడ్. అంటే మొదటి కాటు వేస్తున్నది వేరెవరో. 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో రుడాల్ఫ్ జెఖ్నర్ బృందం ఆ రెండో దొంగను పట్టుకుంది. అదే ఏడు మరి రెండు ప్రయోగశాలలు కూడా విడివిడిగా దాన్నే పట్టుకున్నాయి. ఊహ వీగిపోయినప్పుడు ఎలుకను తప్పుపట్టకుండా పుస్తకాన్ని అనుమానించడం వల్లనే ఇది సాధ్యమైంది.

బయటికి వచ్చిన కొవ్వు ఆమ్లాలు నీటిలో కలవవు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీను వాటిని వీపున వేసుకుని గుండెకు, కండరాలకు, కాలేయానికి చేరుస్తుంది. గ్లిజరాల్ తనకంటూ ఉన్న వేరే ద్వారం గుండా బయటపడి కాలేయానికి వెళ్ళి గ్లూకోజుగా మారుతుంది. మెదడు కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా వాడుకోలేదు. దానికి ఈ గ్లూకోజు ఎంతో కొంత ఆదుకుంటుంది.

గాదె లేని ఇల్లు

కొవ్వును విడుదల చేయడమంటే మంచిదే కదా, కాపలా తీసేస్తే పీడా పోతుంది, అందరూ సన్నబడతారు అని మీకనిపిస్తే, శాస్త్రవేత్తలకూ అదే అనిపించింది. 2000, 2001 సంవత్సరాల్లో రెండు బృందాలు పెరిలిపిన్ లేని ఎలుకలను తయారుచేశాయి. అవి ఎంత తిన్నా లావెక్కలేదు. ఇక్కడిదాకా శుభవార్తే. కాని అవి గ్లూకోజును సరిగా వాడుకోలేకపోవడం, ఇన్సులిన్‌కు లొంగకపోవడం మొదలైంది. సన్నగా ఉండీ మధుమేహం దారి పట్టాయన్నమాట.

మనుషుల్లో ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణలున్నాయి. 1954లో బ్రెజిల్‌లో బెరార్డినెల్లి, 1959లో నార్వేలో సైప్ అనే వైద్యులు ఒక వింత జబ్బును వర్ణించారు. ఈ పిల్లలకు పుట్టుకతోనే చర్మం కింద కొవ్వు ఉండదు. కండలు తిరిగి వస్తాదుల్లా కనిపిస్తారు. తీరని ఆకలి. కాలేయం కొవ్వుతో ఉబ్బిపోతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరుగుతాయి, చాలామందికి చిన్న వయసులోనే మధుమేహం వస్తుంది. 2001లో దీనికి కారణమైన ఒక జన్యువు దొరికింది. అది తయారుచేసే ప్రొటీనుకు ఆ నార్వే వైద్యుని పేరు మీదుగా సీపిన్ అని పేరు పెట్టారు. చుక్క మెడ దగ్గర వలయం కట్టి నిలబడే ప్రొటీను ఇదే. మరుసటి ఏడు దొరికిన రెండో జన్యువు, కోళ్ళూ పట్టెలూ బిగించే ఎంజైముల్లో ఒకదానిది. 2011లో పెరిలిపిన్ జన్యువులో లోపమున్న కుటుంబాలు బయటపడ్డాయి. వాళ్ళ పెరిలిపిన్ సి.జి.ఐ.-58ను పట్టుకోలేదు. పందికొక్కుకు పగలూ రాత్రీ కట్టు లేదు. ఈ కుటుంబాల్లోనూ కాళ్ళలో కొవ్వు తరిగిపోయింది, కాలేయంలో పెరిగింది, మధుమేహం వచ్చింది.

గాదె లేని ఇంట్లో ధాన్యం పండితే ఏమవుతుంది? పడకగదిలో, వంటింట్లో, దేవుడి మూల కుప్పలు పడుతుంది. కొవ్వు కణంలో చోటు దొరకని కొవ్వు కాలేయంలో, కండరాల్లో చేరి, అక్కడ ఇన్సులిన్ మాట వినపడకుండా చేస్తుంది. లావుపాటి మనిషికి గాదె నిండి పొర్లిపోవడం వల్ల జరిగేదీ, కొవ్వే లేని ఈ పిల్లలకు గాదె లేక జరిగేదీ ఒకటే. 2000లో జరిగిన మరో ప్రయోగం దీన్ని సూటిగా చూపింది. కొవ్వు లేకుండా పుట్టి మధుమేహంతో ఉన్న ఎలుకలకు మామూలు ఎలుకల కొవ్వును శస్త్రచికిత్స చేసి అమర్చితే వాటి మధుమేహం తగ్గింది. కొవ్వు మందుగా పనిచేసిందన్నమాట!

పందికొక్కు అసలు లేకపోతే? ఎ.టి.జి.ఎల్. లేని ఎలుకలు 2006లో వచ్చాయి. వాటికి చలి తట్టుకునే శక్తి లేదు. గుండె కండరంలో కొవ్వు పేరుకుపోయి, గుండె విఫలమై చచ్చిపోయాయి. సి.జి.ఐ.-58 లోపమున్న మనుషులకైతే అనేక అవయవాల్లో కొవ్వు చుక్కలు పేరుకుంటాయి, చర్మం పుట్టుకతోనే పొలుసులు కడుతుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రామ్ రాజశేఖరన్ బృందం ఈ ప్రొటీను ఎంజైముగా కూడా పనిచేయగలదని 2008లో ప్రకటించింది.

మన దేశం సంగతి

ఇదంతా అరుదైన జబ్బుల గొడవ అనుకోకండి. 2004లో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ తమ ఫోటో ఒకటి లాన్సెట్ పత్రికలో అచ్చువేయించారు. ఎత్తుకు తగ్గ బరువును సూచించే సూచిక ఇద్దరికీ సరిగ్గా 22.3. పైకి చూడటానికి ఇద్దరూ సన్నటివారే. కాని ఒంట్లో కొవ్వు యుడ్‌కిన్‌కు నూటికి 9.1, యాజ్ఞిక్‌కు 21.2. అంతకుముందు ఏడు వెలువడిన మరో పరిశోధనలో యాజ్ఞిక్ బృందం పుణె పసిపిల్లలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ పసిపిల్లలతో పోల్చింది. పుణె పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. బరువు ఇంత తగ్గినా, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. తగ్గింది కండ. కాబట్టి త్రాసు మీది అంకె ఒక్కటే చూసి మనవాళ్ళ ఆరోగ్యం తేల్చడం కుదరదు. కొవ్వు ఎంత ఉందన్నదే కాక ఎక్కడ చేరింది, దాన్ని పట్టి ఉంచే కణాల్లో ఇంకా చోటుందా అన్నవి కూడా చూడాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఈ ప్రశ్నకు పనికొచ్చే ఎలుకలున్నాయి. అక్కడ తరతరాలుగా పెంచుతున్న విస్టార్ జాతి ఎలుకల్లో వాటంతటవే కొన్ని అసాధారణంగా లావెక్కడం గిరిధరన్, ఆయన సహచరులు గమనించి, ఆ వంశాన్ని వేరుచేసి 1996లో ప్రకటించారు. కొవ్వు కణాలు 'నిలవ చాలు' అని మెదడుకు పంపే కబురు లెప్టిన్ అనే ప్రొటీను. దీన్ని 1994లో కనుగొన్నారు. ఈ ఎలుకల రక్తంలో లెప్టిన్ దండిగా ఉంది, వాటి మెదడుకే అది వినపడదు. వీటిలో రెండు వంశాలున్నాయి. రెండూ లావుపాటివే. ఒకదానిలో గ్లూకోజు మామూలుగానే ఉంటుంది, రెండోది గ్లూకోజును సరిగా సంబాళించుకోలేదు. ఒకే సంస్థలో, ఒకే జాతిలో, ఒకే లావులో ఈ తేడా ఉండటం గమనించదగ్గది. పుట్టుకతో కొవ్వు లేని రోగుల్లో కొవ్వు కణాలు లేక లెప్టిన్ కూడా ఉండదు. వాళ్ళ తీరని ఆకలికి అదొక కారణం. లెప్టిన్‌ను పోలిన మందును వాళ్ళకు ఇంజెక్షనుగా ఇవ్వడానికి అమెరికా 2014లో అనుమతించింది.

మన కార్మికుడి సంగతి మరిచిపోయాం. 9 గంటలైంది. అతను డబ్బా మూత తీసి నాలుగు రొట్టెలు, బంగాళాదుంప కూర తిన్నాడు. రక్తంలో గ్లూకోజు పెరుగుతోంది. క్లోమం నుంచి ఇన్సులిన్ బయల్దేరి కొవ్వు కణాన్ని తాకింది. కణం లోపల ఒక ఎంజైము లేచి, మిగిలున్న చక్రీయ ఏ.ఎం.పి.ని తుంచేయసాగింది. పెరిలిపిన్ మీది ఫాస్ఫేట్లు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. అది మళ్ళీ సి.జి.ఐ.-58ను పట్టుకుంది. కాసేపటికి రక్తంలో కొవ్వు ఆమ్లాలు తగ్గుముఖం పట్టాయి. పక్కనున్న కేశనాళిక గోడ మీద లైపోప్రొటీన్ లైపేజ్, కూరలోని నూనె మూటల కోసం సిద్ధంగా ఉంది.